గ్రాములూ, కప్పులూ

శ్రోతలకు నమస్కారం.

వంటకం రాసినవారు 300 గ్రాముల మైదా, 300 గ్రాముల పంచదార అని గ్రాముల్లో చెబుతారు. మన వంటింట్లో చూస్తే త్రాసు ఉండదు, చేతికి అందేది ఒక కప్పు, రెండు చెంచాలు. ఈ తూకాన్ని ఆ కొలతలోకి మార్చుకోవడం ఎలాగన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

నీళ్లతో ఈ పేచీ లేదు. ఒక మిల్లీలీటరు నీరు దాదాపు ఒక గ్రాము తూగుతుంది కనుక, లెక్క దానంతట అదే తేలిపోతుంది. పొడి సరుకు అలా కాదు. కప్పులో మనం నింపేది సరుకుతో పాటు, దాని రేణువుల సందుల్లో చిక్కుకున్న గాలిని కూడా. అందుకే 240 మిల్లీలీటర్ల కప్పులో పంచదార సుమారు 200 గ్రాములు పడితే, మైదా 125 గ్రాముల దగ్గర ఆగుతుంది, కోకో పొడి 85 గ్రాములు మించదు. కావలసిన బరువును కప్పు బరువుతో భాగిస్తే కొలత వస్తుంది: 300 గ్రాముల పంచదారకు ఒకటిన్నర కప్పు, అంతే బరువున్న మైదాకు దాదాపు రెండున్నర కప్పులు.

అయితే కప్పు అన్నది అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపానులో 200. టేబుల్ స్పూను సాధారణంగా 15 మిల్లీలీటర్లే అయినా ఆస్ట్రేలియాలో అది 20. పట్టికను నమ్మే ముందు అది ఏ కప్పు కోసం రాసినదో చూసుకోవాలి.

అసలు తంటా మైదాతోనే. డబ్బాలోకి కప్పును ముంచి, అంచుకు అదిమి పైకి తీస్తే పిండి కుదించుకుపోయి 150 గ్రాముల వరకు పడుతుంది. అదే పిండిని ముందు చెంచాతో కలియబెట్టి, గుల్లగా చేసి, చెంచాతోనే కప్పులోకి వదిలి, కప్పును తట్టకుండా, చాకు వీపుతో తల కొట్టి చదును చేస్తే 125 గ్రాముల చుట్టూ ఉంటుంది. మూడు కప్పులకు వచ్చేసరికి 75 గ్రాములు, అంటే అరకప్పుకు పైగా పిండి, మనకు తెలియకుండానే ఎక్కువైపోతుంది. కేకు గట్టిపడిందని పొయ్యిని తిట్టుకునేవారిలో నేనూ ఒకప్పుడు ఉన్నాను, తప్పు కప్పు ముంచడంలో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. పంచదారకు ఇంత జాగ్రత్త అక్కర్లేదు, అది ఎలా పోసినా పెద్దగా కుదించుకోదు.

ఇతరుల పట్టికల కంటే సొంత పట్టిక మేలని నా అభిప్రాయం. దానికి త్రాసు కూడా అవసరం లేదు. కిలో మైదా పొట్లం విప్పిన రోజున, దాన్ని మీకు అలవాటైన పద్ధతిలోనే కప్పుతో కొలుస్తూ వేరే డబ్బాలో పోయండి. ఎనిమిది కప్పులు వస్తే మీ కప్పు 125 గ్రాములు, ఏడే వస్తే 143. ఆ అంకెను కాగితం మీద రాసి అలమర తలుపు లోపలివైపు అంటించుకుంటే, కప్పూ చెయ్యీ మారనంత కాలం అది పనికివస్తుంది.

ఇంతా చెప్పాక ఉప్పు సంగతి మిగిలింది. మెత్తటి ఉప్పు టీస్పూనుకు సుమారు 6 గ్రాములు తూగుతుంది, పెద్ద పెచ్చులుగా ఉండే ఉప్పు అదే చెంచాలో 3 గ్రాములే ఉండవచ్చు. కనుక చెంచా లెక్కతో పాటు ఏ రకం ఉప్పో కూడా చూడాలి. ఇక వంట సోడా వంటివి రెండు మూడు గ్రాములు కావలసినప్పుడు, ఒక్కో గ్రాము చొప్పున మాత్రమే చూపే మామూలు వంటింటి త్రాసు మీద ఆ కాస్త బరువు సరిగా తేలదు. తూకాన్నే నమ్మే నేను కూడా అక్కడ త్రాసును పక్కనపెట్టి, తల కొట్టిన టీస్పూనునే వాడతాను.