పది ఎంఎం ప్లేటు, పది రోజుల నోటీసు: విశాఖ ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: నమస్కారం. సరుకు మీద పేచీ ఉన్న బిల్లులు, కంపెనీ మూసివేత పిటిషన్లు, ఇదీ ఈరోజు విషయం. అడ్వొకేట్ మేడమ్ స్టూడియోలో ఉన్నారు. గాజువాక నుంచి మొదటి కాలర్.

కాలర్: హలో... వినపడతందాండి? ఆటోనగర్లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డండి. ప్రైవేట్ లిమిటెడే. పరవాడ ఫార్మా సిటీలో ట్యాంకుల పని వస్తే ప్లేట్లు తెప్పించాం. 10 ఎంఎం అని ఆర్డరిచ్చాం. వచ్చినవాటిలో కొన్ని 9 కూడా లేవు. మా వెల్డరు మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూపించాడు. ఇరవయ్యేళ్లుగా మా దగ్గరే ఉన్నాడండి, ఆడి కన్ను...

లాయర్: వెల్డరు సంగతి సరే, నోటీసు వచ్చిందా?

కాలర్: అక్కడికే వస్తన్నానండి. ప్లేట్లు పంపినవాళ్లకి కోటీ 12 లక్షలు కట్టకపోతే కంపెనీ మూయించేస్తారట. మా ఆవిడ భయపడిపోయి దేవుడి గదిలో పెట్టేసింది.

లాయర్: (నవ్వుతూ) దేవుడు జవాబు రాయడు బాబూ. నోటీసు అంది ఎన్నాళ్లయింది?

కాలర్: ఆరు రోజులండి.

లాయర్: అయితే నాలుగు రోజులే ఉంది. పాత 1956 కంపెనీల చట్టంలో 21 రోజుల నోటీసిచ్చి హైకోర్టుకి వెళ్లేవారు. బాకీ కట్టలేదని వేసే ఆ పిటిషన్ ఇప్పుడు లేదు. 2016 దివాలా చట్టం సెక్షన్ 8 నోటీసు మీది. 10 రోజుల్లో జవాబివ్వాలి. నోటీసు రాకముందే పేచీ ఉందని అందులో కాగితంతో చూపించాలి. 2017లో మోబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: పేచీ నిజమైనదైతే చాలు, అందులో మీరు గెలుస్తారా లేదా అన్నది ఈ కేసులు వినే కంపెనీ లా ట్రిబ్యునల్‌కి అక్కర్లేదు, పిటిషన్ కొట్టెయ్యాలి. ప్లేట్లు పలచన అని వాళ్లకి రాశారా?

కాలర్: ఫోన్లో ఎన్నిసార్లు చెప్పామో అండి.

లాయర్: రాశారా అని అడిగాను.

కాలర్: వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాం. ‘చూస్తాం సార్’ అన్నారు.

లాయర్: అమ్మయ్య. ఆ చాట్ చెరపకండి, ఆ ఫోన్ అమ్మకండి.

కాలర్: అయితే మేడమ్, షెడ్డుకి తాళం వేసేస్తారా?

లాయర్: వెంటనే వెయ్యరు. ట్రిబ్యునల్ అమరావతి బెంచ్‌లో పిటిషన్ అడ్మిట్ అయితే పెత్తనం మీ చేతిలోంచి ట్రిబ్యునల్ పెట్టే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి పోతుంది. మూసివేత తర్వాతి మాట. అసలు బాకీ ఎంత?

కాలర్: 86 లక్షలండి. మిగతాది వడ్డీ అంట.

లాయర్: అదీ సంగతి! 2020 మార్చి 24 నుంచి కోటికి తక్కువ బాకీకి ఈ దారి లేదు. అంతకుముందు లక్ష చాలేది. వడ్డీ కలిపి కోటి దాటించారన్నమాట. ఆర్డర్లోగానీ ఇన్వాయిస్‌లోగానీ వడ్డీ షరతు ఉందేమో చూడండి. లేకపోతే అక్కడ గట్టిగా పట్టుకోవాలి. ప్లేట్లేవి?

కాలర్: సగం వాడేశామండి. పని ఆపితే పరవాడవాళ్లు ఊరుకోరు కదా.

లాయర్: వాడినవి ఒప్పుకున్నట్టే. 1930 సరుకుల అమ్మకం చట్టం ప్రకారం వాటిని వెనక్కి పంపలేరు, ధరలో తగ్గింపు అడగొచ్చు. మిగతా సగం ముట్టుకోకండి.

కాలర్: ఇంకో మాటండి... ఏప్రిల్‌లో మా అకౌంటెంటు ఆడిట్‌కని ఏదో కాగితం తెచ్చాడు. బాకీ ఇంత అని ఉంది. సంతకం పెట్టేశాను.

లాయర్: బ్యాలెన్స్ కన్ఫర్మేషన్! ఫోటోలు ఎప్పుడు పెట్టారు?

కాలర్: ఫిబ్రవరిలో.

లాయర్: అయ్యో బాబూ. సరుకు బాగోలేదన్న రెండు నెలలకి మొత్తం బాకీ ఉన్నామని సంతకం పెట్టారు. అవతలి లాయరు మొదట తీసేది అదే. లెక్కల కాగితం వేరు, సరుకు ఒప్పుకోవడం వేరని వాదించొచ్చు. కష్టమే గానీ పోలేదు. రేపు పొద్దున్నే లాయరు దగ్గర కూర్చోండి, ఆ కాగితం సంగతి మాత్రం దాచకండి.

కాలర్: వాళ్ల ఎండీతో ఓసారి మాట్లాడనాండి?

లాయర్: మాట్లాడండి, జవాబు స్పీడ్ పోస్టులో వెళ్లాక. మళ్లీ చెప్తున్నా, నోటి మాటకి విలువ లేదు.

కాలర్: తాళం మాత్రం వెయ్యరు కదండీ?

యాంకర్: సార్, చాలామంది లైన్లో ఉన్నారు. అనకాపల్లి కాలర్, చెప్పండి.

కాలర్: మేము అట్టపెట్టెలు సప్లై చేస్తామండి. ఒక కంపెనీ 14 లక్షలు ఇవ్వట్లేదు, పెట్టెలు తడిశాయంటున్నారు. ఇలాంటి పిటిషన్ వేస్తే బెదిరి కట్టేస్తారు కదా?

లాయర్: 14 లక్షలకి వెయ్యలేరు. బెదిరించడానికి అసలే వెయ్యకూడదు. దురుద్దేశంతో వేస్తే లక్ష నుంచి కోటి దాకా జరిమానా. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?

కాలర్: మొదటినుంచీ ఉందండి.

లాయర్: అయితే చిన్న పరిశ్రమల బాకీ పేచీలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లండి. 45 రోజులు దాటిన బిల్లుకి రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. తడిశాయని 15 రోజుల్లోపు రాసిచ్చారా వాళ్లు?

కాలర్: లేదండి, నోటితోనే.

లాయర్: చూశారా! ఇందాక ఆయన్ని తిట్టిన తప్పే వాళ్లూ చేశారు, మీకు కలిసొచ్చింది.

యాంకర్: థాంక్యూ. పూర్ణా మార్కెట్ నుంచి...

కాలర్: మేడమ్, నాకు బాకీ ఉన్న షాపు ఒక్కడి పేరు మీదే ఉందండి, కోటి పైనే...

లాయర్: కంపెనీ కాదుగా, ఈ పిటిషన్ పడదు. సివిల్ దావాయే. మూడేళ్లు దాటనివ్వకండి. చెక్కు ఏమైనా ఇచ్చాడా?

కాలర్: ఇచ్చాడండి, అది...

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. మేడమ్, థాంక్యూ.

లాయర్: ఆ గాజువాక ఆయన వింటుంటే, నాలుగు రోజులే.