మీ అభిమాన బేసిస్టు ఎదురైతే స్ట్రింగ్స్ పేరు అడగకండి

[ఓపెనింగ్. బేస్ గిటార్ ఒళ్లో ఉంది, యాంప్ ఆన్‌లో ఉంది.]

"సార్, మీరు ఏ స్ట్రింగ్స్ వాడతారు?"

పేరున్న బేసిస్టు జనం ముందు వాయించి నేర్పే బేస్ క్లినిక్ వీడియో ఏదైనా తీసి చూడండి. మైకు జనంలోకి వచ్చిందంటే ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఎదురుగా ముప్ఫై, నలభై ఏళ్లు బేస్ వాయించిన మనిషి నిలబడి ఉంటాడు. మనకు దొరికేది రెండు మూడు నిమిషాలు. వాటిని ప్యాకెట్ మీద అచ్చువేసి ఉండే విషయానికి ఖర్చుపెట్టేస్తాం. చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మమ్మ చేతి పప్పుచారు తిని, చింతపండు ఎంత వేసింది, పోపు ఎప్పుడు పెట్టింది అని అడగకుండా, గిన్నె ఏ కంపెనీది అని అడిగినట్టు ఉంటుంది.

అభిమానిగా కలవడం వేరు, తోటి బేసిస్టుగా కలవడం వేరు. వేళ్లకు కాయలు కాసినవాళ్లు మాత్రమే అడగగలిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈ వీడియో వాటి గురించే.

1960ల్లో మోటౌన్ అనే అమెరికన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌ను తీసుకుందాం. వీడియో అంతా ఆయన్నే తీసుకుంటాను, ఎందుకంటే ఈ విషయం ఇంత స్పష్టంగా చూపించే మనిషి మరొకరు లేరు.

[స్క్రీన్ మీద: డెట్రాయిట్, 1966]

మీరు డెట్రాయిట్‌లో, వెస్ట్ గ్రాండ్ బులేవార్డ్‌లోని మోటౌన్ ఇంటి ముందు నిలబడ్డారనుకోండి. జేమర్సన్ బయటికి వచ్చారు. మీరు పరుగెత్తుకెళ్లి స్ట్రింగ్స్ సంగతి అడిగారు. ఆయన జవాబు చెప్పేశారు. లా బెల్లా ఫ్లాట్‌వౌండ్స్, అంటే పైన చదును తీగ చుట్టినవి, మందం .052 నుంచి .110 అంగుళాల దాకా. బేస్ 1962 ఫెండర్ ప్రెసిషన్. మీరు ఆ సెట్టే కొని, అదే బేస్‌కు బిగించి వాయించారు. ఆ సౌండ్ వస్తుందా? రాదు.

ఎందుకు రాదో చూడండి. మొదటిది, ఆయన స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవారు కాదు. ఏళ్ల తరబడి చెమటా, దుమ్మూ చుట్ల మధ్య చేరి, తీగలోని పైస్వరాలను చంపేసేవి. మీరు కొన్నది నిన్న ప్యాకెట్ విప్పిన సెట్. రెండోది, బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే చోటు) మీది కవర్ కింద స్పాంజి ఉండేది. దానివల్ల నోట్ తొందరగా ఆగిపోతుంది. మూడోది, ఆయన స్ట్రింగ్స్ బోర్డు నుంచి బాగా ఎత్తుగా ఉండేవి. ఎత్తు ఉంటే ఎంత గట్టిగా మీటినా ఫ్రెట్‌కు, అంటే నెక్ మీది అడ్డ లోహపు పట్టీకి, తగిలి గరగరమనదు. మీరు షాపులో పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు మిల్లీమీటర్లకు దింపించుకుని, ఆయనంత బలంగా మీటితే వినపడేది గరగరే.

ఇక నాలుగోది, అసలైనది. కుడిచెయ్యి. ఆయన మీటింది ఒక్క చూపుడువేలితోనే. దానికి తోటివాళ్లు పెట్టిన పేరు 'ది హుక్', అంటే కొక్కెం. మిగతా వేళ్లు పికప్ (తీగ కంపనాన్ని పట్టే భాగం) మీది క్రోమ్ కవర్ మీద ఆనించి ఉండేవి. రెండు వేళ్లు మార్చి మార్చి వాయించినప్పుడు ఒక నోట్ కొంచెం బలంగా, ఒకటి కొంచెం పల్చగా పడుతుంది కదా? ఒకే వేలైతే ఆ తేడా ఉండదు. సన్నటి తీగ నుంచి లావు తీగకు వెళ్లేటప్పుడు అదే వేలు ఒరుసుకుంటూ జారుతుంది. ఆ జారుడులోనే ఆ ఊపు ఉంది.

[బేస్ మీద డెమో: ఒకే లైను, ముందు రెండు వేళ్లతో, తర్వాత ఒక్క వేలితో.]

విన్నారా? స్ట్రింగ్స్ మార్చలేదు.

కాబట్టి ఆ 1966 రోజున అడగాల్సిన ప్రశ్న, "సన్నటి తీగ మీంచి లావు తీగకు వెళ్లేటప్పుడు వేలు ఎత్తుతారా, ఎత్తరా?" పది సెకన్ల ప్రశ్న. జవాబు చేత్తో చూపిస్తారు. ఆ చూపించడం ఇంకెక్కడా కొనుక్కోలేం.

ఇంకో మాట. 1966లో మీకు ఆయన పేరే తెలిసి ఉండేది కాదు. మోటౌన్ తన రికార్డుల మీద వాద్యగాళ్ల పేర్లు వేసేది కాదు. 1971లో గాయకుడు మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ మీదే ఆ పేర్లు అచ్చయ్యాయి. మన క్యాసెట్ల మీదా అంతేగా? సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు, కవి పేరు. బేస్ ఎవరిది? ఎక్కడా ఉండదు. అందుకే వెళ్లేముందు చేయాల్సిన మొదటి పని ఎవరు ఏ పాటకు వాయించారో రూఢి చేసుకోవడం. వేరేవాళ్లు వాయించిన పాట గురించి పొగిడితే, ఎదుటి మనిషి మొహమాటానికి నవ్వి ఊరుకుంటారు. సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

ఇక్కడే మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇంకొకటి. ఇళయరాజా పాటల్లో బేస్ అంటే పడిచచ్చేవాళ్లు తెలుగునాట ఎంతమందో. ఆ పాటల్లో ఎన్నింటికో బేస్ వాయించినది శశిధరన్ గారు. ఆయన్ని కలిసే అదృష్టం వస్తే, "ఆ లైను మీకు ఎలా తట్టింది సార్?" అని అడగకండి. ఆ లైను తట్టింది ఇళయరాజాకు. ఆయన బేస్ భాగం కూడా స్టాఫ్ నొటేషన్‌లో, అంటే పాశ్చాత్య పద్ధతి స్వరలిపిలో, రాసి ఇస్తారు. కాగితం మీద ఉన్న నోట్‌ను అంత గుండ్రంగా, అంత నిబ్బరంగా మోగించడం శశిధరన్ గారి పనితనం. ఆయన్ని అడగాల్సింది, "రాసి ఇచ్చిన సి నోట్‌ను మీరు ఏ తీగ మీద తీసుకున్నారు? డ్రమ్స్ ముందు ఎక్కడ ఆపారు?"

జేమర్సన్ దగ్గరికి వస్తే తిరగబడుతుంది. ఆయనకు చాలాసార్లు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) రాసిన షీటు మాత్రమే ఇచ్చేవాళ్లు. లైను ఆయనే అల్లేవారు. కాబట్టి అక్కడ "ఎలా తట్టింది" సరైన ప్రశ్నే. ఒకే ప్రశ్న ఒకరి దగ్గర బంగారం, ఇంకొకరి దగ్గర దండగ. అలాగే కరోల్ కే. 1960ల లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో ఆవిడ బేస్ వాయించింది పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న ప్లాస్టిక్ ముక్కతో. ఆవిడ్ని "ఏ వేలితో మీటారమ్మా?" అని అడిగితే, మీరు పాటలు సరిగా వినలేదని ఆవిడకు తెలిసిపోతుంది.

మరి ప్రశ్న తయారు చేసుకోవడం ఎలా? ఒక్క పాట, ఆ పాటలో ఒక్క చోటు, ఆ చోటులో ఒక్క నోట్. అంతే.

[స్క్రీన్ మీద: ఫ్రెట్‌బోర్డు బొమ్మ]

అదే సి నోట్ A అనే తీగ మూడో ఫ్రెట్ మీదా ఉంది, E అనే తీగ ఎనిమిదో ఫ్రెట్ మీదా ఉంది. శ్రుతి ఒకటే. కానీ E తీగ లావు, అక్కడ మోగే భాగం పొట్టి. అందుకే మొద్దుగా, ముద్దగా వినపడుతుంది. A తీగ మీద అదే నోట్ విచ్చుకుంటుంది.

[రెండూ వాయించు. మళ్లీ.]

రికార్డు విని మీ బేసిస్టు ఏది వాడారో మీ అంచనా ముందే రాసుకోండి. తర్వాత ఆయన్ని అడగండి: "ఇది ఎనిమిదో ఫ్రెట్ అనుకుంటున్నాను, ఔనా?" ఔనంటే ఎందుకో చెబుతారు, కాదంటే ఎక్కడో చెబుతారు. ఎలాగైనా మీకు లాభమే. పైగా "నేను కూడా బేస్ వాయిస్తాను" అని వేరే చెప్పుకోనక్కర్లేదు, ప్రశ్నే చెప్పేస్తుంది.

దశాబ్దం కూడా చూసుకోండి. బేసిస్టు పీనో పలడీనో 1980లలో ఫ్రెట్లు లేని స్టింగ్‌రే బేస్‌తో పేరు తెచ్చుకున్నారు. 2000లో గాయకుడు డి'ఏంజెలో 'వూడూ' ఆల్బమ్‌లో ఆయన బీటుకు వెనక్కి లాగి లాగి వాయించిన తీరు పూర్తిగా వేరు. "మీ సౌండ్ ఎలా వస్తుంది" అని గుత్తగా అడిగితే, ఆయన ఏ సౌండ్ గురించి చెప్పాలి?

మాట తడబడుతుందని భయమా? ఫోన్‌లో ఆ ఎనిమిది సెకన్ల ముక్క కోసి పెట్టుకోండి. నెట్ మీద ఆధారపడకండి, వేలమంది ఉన్న చోట సిగ్నల్ ఉండదు. ఫోన్‌లోనే సేవ్ చేసి ఉండాలి. ఇయర్‌ఫోన్ ఇచ్చి వినిపించి, ఎడమ ముంజేతినే ఫ్రెట్‌బోర్డు చేసుకుని వేళ్లతో చూపించి, "ఇక్కడా, అక్కడా?" అన్నా చాలు. ఆ భాష ప్రతి బేసిస్టుకూ అర్థమవుతుంది.

ఎప్పుడు కలవాలి? షోకు ముందు అరగంట ఎవరినీ కదపకండి. షో అయిన వెంటనే కూడా వద్దు. చెమట ఆరాలి, చెవుల్లో హోరు తగ్గాలి. ఇరవై నిమిషాలు ఆగి, స్టేజి మనుషుల్లో ఒకరిని మర్యాదగా అడగండి. కంచె దూకిన మనిషికి మంచి జవాబు దొరకదు. ఎక్కువ సేపు కావాలంటే క్లినిక్కులు, క్యాంపులే దారి. బేసిస్టు విక్టర్ వూటెన్ అమెరికాలోని టెనెసీలో ఏళ్లుగా క్యాంపులు నడుపుతున్నారు. అక్కడ రెండు నిమిషాల హడావుడి లేదు.

కలిసినప్పుడు చెయ్యి లాగి నలిపేయకండి. ఆ చేత్తోనే ఆయన రెండు గంటలు వాయించారు. చక్కగా నమస్కారం పెట్టండి. మన పద్ధతి ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ఫోటో చివర. ఫోటో దిగామంటే కలయిక ముగిసిందని ఇద్దరికీ లెక్క. ముందే ఫోటో అడిగితే, క్లిక్ అనగానే ఆయన చూపు మీ వెనకున్న మనిషి మీదికి పోతుంది. మీ ప్రశ్న గొంతులోనే ఉండిపోతుంది. ముందు ప్రశ్న, తర్వాత సంతకం, ఆఖరున ఫోటో. జవాబు రికార్డు చేయాలంటే అడిగి చేయండి.

జవాబు చెబుతున్నప్పుడు ముఖం వైపు కాదు, చేతుల వైపు చూడండి. బొటనవేలు పికప్ మీద ఆనిందా, E తీగ మీద ఆనిందా? మీటేది నెక్ వైపా, బ్రిడ్జి వైపా? బేసిస్టు జాకో పాస్టోరియస్ బ్రిడ్జి పికప్ దగ్గర మీటడం వల్లే ఆయన నోట్‌కు ముక్కుతో పలికినట్టుండే ఆ గుణం వచ్చింది. నోట్ ఆపడానికి ఎడమచేతి వేలు ఎత్తుతున్నారా, కుడిచేత్తో తీగను నొక్కుతున్నారా? మన వాయిద్యంలో నోట్ మొదలుపెట్టడం సులువు, ఆపడమే విద్య. జేమర్సన్ స్పాంజి చేసిన పనీ అదే.

[టైమ్ చూసుకో.]

టైమ్ దగ్గర పడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మీ బేస్ తీసుకెళ్తున్నారా? శ్రుతి చేసి తీసుకెళ్లండి. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే కొత్త తొమ్మిది వోల్టుల బ్యాటరీ వేయండి. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, ముందురోజు రాత్రి కేబుల్ పీకేయండి. ఆయన తీసుకుని వాయిస్తే అదృష్టం, అడిగి ఒత్తిడి పెట్టొద్దు. ఆయన ఎడమచేతివాటం కాదు కదా అని చూసుకోండి.

మిమ్మల్నే వాయించమంటే? స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి) జోరు చూపించకండి. నాలుగు బార్ల గ్రూవ్, మధ్యలో ఖాళీతో. కంగారులో నిమిషానికి 90 బీట్ల (బీపీఎం) వేగంలో మొదలుపెట్టింది 100 అయిపోతుంది. కాలితో తాళం వేస్తూ, మీకు సరిపోయే వేగం కన్నా కాస్త తగ్గించి మొదలుపెట్టండి.

సంతకం. బాడీ మీద, ముంజెయ్యి ఒరుసుకునే చోట వద్దు, ఆరు నెలల్లో చెరిగిపోతుంది. ఫెండర్ జాజ్ బేస్ అయితే పిక్‌గార్డ్ (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక) స్క్రూలు విప్పి దాన్ని ఒక్కటే పట్టుకెళ్లొచ్చు. పాతకాలపు ప్రెసిషన్‌లో నాబ్‌లూ, జాకూ దాని మీదే బిగించి ఉంటాయి, కాబట్టి విడి పిక్‌గార్డ్ ఒకటి కొనుక్కోవడం నయం. యాక్టివ్ బేస్‌ల వెనక మూత కూడా పనికొస్తుంది. తెల్లదాని మీద నల్ల పర్మనెంట్ మార్కర్, నల్లదాని మీద బంగారు రంగు పెయింట్ మార్కర్. పెయింట్ మార్కర్‌ను బాగా ఊపి, కాగితం మీద రెండు గీతలు గీసి, రంగు సాఫీగా దిగుతోందని చూశాకే ఆయన చేతికివ్వండి. లేకపోతే మొదటి అక్షరం దగ్గరే బొట్టు పడుతుంది. రాసే చోటును ముందే పొడి గుడ్డతో తుడవండి, వేళ్ల జిడ్డు మీద ఇంకు నిలవదు. సంతకం అయ్యాక ఒక రోజంతా ముట్టుకోవద్దు. ఆ తర్వాత కూడా స్పిరిట్ కలిసిన క్లీనర్ అటువైపు రానివ్వొద్దు, మార్కర్ ఇంకు దానికి కరిగిపోతుంది. పైన లక్కర్ (రక్షణ పూత) స్ప్రే కొట్టాలనుకుంటే ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద పరీక్షించండి. తడిగా ఒకేసారి కొడితే సంతకం పారిపోతుంది. మంచు పడ్డట్టు పల్చగా, పొర ఆరాక పొర.

ఆఖరుది. బయటికి రాగానే, స్నేహితులకు ఫోన్ చేయకముందే రాసుకోండి: ఏ తీగ, ఏ ఫ్రెట్, ఏ వేలు, మీటిన చోటు, నోట్ ఆగిన చోటు. ఇంటికెళ్లాక ఆ ఒక్క బార్‌ను 60 బీపీఎంలో వాయించి రికార్డు చేసి, అసలు పాట పక్కన పెట్టి వినండి. తేడా వినపడితే ముందు కుడిచెయ్యి మార్చి చూడండి. స్ట్రింగ్స్ అలాగే ఉంచండి.