నవోదయ బడులకు దారి చూపిన సర్వేల్

నమస్తే అండీ. నవోదయ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రాజీవ్ గాంధీ, ఢిల్లీ. తప్పేం లేదు, ఆయన హయాంలో కేంద్రం పెట్టిన హాస్టల్ బడులే అవి. కానీ ఆ ఆలోచన అంతకు పద్నాలుగేళ్ల ముందే అప్పటి నల్గొండ జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం దగ్గర సర్వేల్ అనే పల్లెలో మొలకెత్తింది.

1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి. చురుకైన పల్లెటూరి పిల్లల్ని ఏరి, ఒకేచోట ఉంచి, తిండీ చదువూ సర్కారే చూసుకోవాలని సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టించారు. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు కూడా వచ్చాయి. పదో తరగతి ర్యాంకులంటే ఈ పేర్లే వినిపించిన రోజులున్నాయి. తెలంగాణ డీజీపీగా చేసిన మహేందర్ రెడ్డి సర్వేల్‌లో చదివినవారే.

1985లో పీవీ కేంద్రంలో మానవ వనరుల శాఖ (అంటే విద్యాశాఖే) మంత్రి అయ్యారు. ఇంకేముంది, సర్వేల్ అనుభవం దేశానికి పనికొచ్చింది. మొదటి రెండు నవోదయలు హర్యానాలోని ఝజ్జర్‌లో, అమరావతిలో మొదలయ్యాయి. మన అమరావతి కాదండోయ్, మహారాష్ట్రది!

ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో 40 ప్రశ్నలు బొమ్మలే. నాలుగింటిలో తేడాగా ఉన్నదేది, అద్దంలో చూస్తే ఎలా కనిపిస్తుంది, ఇలాంటివి. తెలుగులోనే రాసుకోవచ్చు. కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే. డబ్బు పెట్టి నేర్చుకునే అవసరం లేకుండా తెలివిని పట్టుకోవాలని పెట్టిన పరీక్ష ఇది. దానికీ ఇప్పుడు ఊరూరా కోచింగ్ సెంటర్లు! నాకైతే ఒళ్లు మండుతుంది.

లోపల చదువు సీబీఎస్ఈ సిలబస్. నాకు బాగా నచ్చింది మాత్రం తొమ్మిదో తరగతి వలస. మన నవోదయ నుంచి 30 శాతం పిల్లలు ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తారు. పప్పన్నంలో ఆవకాయ కలుపుకుని, తెలుగు అక్షరాలు దిద్దుకునే బీహార్ పిల్లాణ్ని ఊహించుకోండి. హాస్టల్‌లో పడితే భాష ఇట్టే వచ్చేస్తుంది, పుస్తకంతో పనేముంది?

ఈ బడుల్లో మూడు భాషలు చెప్తారు. తమిళనాడుది రెండు భాషల విధానం. అందుకే అక్కడ ఇప్పటిదాకా ఒక్క నవోదయ కూడా రాలేదు.