బోటు మూడు నాలుగు నెలలు పక్కన పెడుతున్నారా? ముందు పెట్రోల్ సంగతి చూడండి

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ. వెనక కనిపిస్తోంది కదా, సాగర్ బ్యాక్ వాటర్. సాగర్ 590 అడుగులు నిండితే ఈ రాయి దాకా నీళ్లే. యాసంగికి కాలువలకు వదలడం మొదలుపెట్టాక ఇట్లా దిగిపోతుంటాయి. ఇక బురదలో బోటు దింపలేం, ఒడ్డుకు లాగి పెట్టుడే. మళ్లీ కృష్ణకు వరద వచ్చేదాకా ఇంజన్‌కు పనిలేదు.

చలి దేశాల వాళ్లకు ఇది చలికాలం పని. వాళ్ల భయం మంచు, ఇంజన్‌లో నీళ్లు గడ్డకడతాయని. మనకా టెన్షన్ లేదు. కానీ పెట్రోల్ విషయంలో మన పరిస్థితే అధ్వానం, ఎందుకంటే ఈ ఎండకు అది ఇంకా తొందరగా చెడిపోతుంది. ఈరోజు పెట్రోల్ లైన్ ఒక్కటే చూద్దాం. గేర్ ఆయిల్, ప్రొపెల్లర్ వేరే వీడియోలో.

మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండొద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. ఇంటి వెనక చేస్తుంటే పొయ్యి ఆపించండి, దేవుడి దగ్గర దీపం కూడా.

సరే, ట్యాంక్. ఇది ప్లాస్టిక్ ట్యాంక్, బయటికి తీయొచ్చు. ఇట్లాంటిదైతే ఖాళీ చేసేయండి, పెద్ద ఆలోచన అక్కర్లేదు. బోటులోనే బిగించిన ఇనుప ట్యాంక్ అయితే ఖాళీగా ఉంచితే లోపల చెమ్మ పట్టి తుప్పు వస్తుంది, దాన్ని దాదాపు నిండుగా నింపి స్టెబిలైజర్, అంటే పెట్రోల్ తొందరగా చెడకుండా పోసే మందు, కలిపి పెట్టాలి. పైన కాస్త ఖాళీ వదలండి, ఎండకు పెట్రోల్ పొంగుతుంది. సగం సగం మాత్రం ఏ ట్యాంక్‌లోనూ వదలొద్దు.

తీయడానికి ఇదిగో, చేతి పంపు, నొక్కితే లాగుతుంది. నోటితో పైపు పీల్చే అలవాటుంటే మానుకోండి అన్నా, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రే.

అడుగున మిగిలింది ఈ గాజు సీసాలో పోస్తున్నా. కాసేపు కదపకుండా పెడదాం. చూడండి, దగ్గరికి తీసుకో కెమెరా. మధ్యలో గీత గీసినట్టు కనబడుతోందా? పైన పెట్రోల్, కింద నీళ్లూ ఇథనాలూ. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. తేమ ఎక్కువైతే పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. ఇంజన్‌కు పోయే పైపు నోరు ఉండేది కూడా ఆ అడుగునే. ఇక మొదటి కిక్కుకే ఇంజన్ మింగేది ఏంటో మీరే చెప్పండి.

ఇట్లా గీత పడిన పెట్రోల్ పైన తేటగా ఉన్నా ఏ ఇంజన్‌లోనూ పోయొద్దు. గీత పడకుండా మొత్తం తేటగా ఉన్నదైతే ఏం చేయాలి? ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌ది అయితే ఈరోజే బండిలో పోసుకోండి. టూ స్ట్రోక్‌ది అయితే ఆయిల్ కలిసి ఉంటుంది, బండికి పనికిరాదు. పత్తికో బత్తాయికో మందు కొట్టే తైవాన్ పంపు ఎవరికైనా ఉంటే ఇవ్వండి, అదీ టూ స్ట్రోక్ పంపు అయితేనే, ఆయిల్ పాళ్లు సరిపోతేనే.

ఇప్పుడు ఒక లీటర్ తాజా పెట్రోల్, అందులో స్టెబిలైజర్, ఎంతనేది సీసా మీదే రాసుంటుంది. మాది టూ స్ట్రోక్, 50కి 1, అంటే లీటర్‌కు 20 మిల్లీ ఆయిల్. కలిపేశాను. పైపు పెట్టాను. పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు గట్టిపడేదాకా నొక్కాను. ఇంజన్ కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, డ్రమ్ము నీళ్లలో ఉంది. నీళ్లు లేకుండా మాత్రం స్టార్ట్ చేయొద్దు, లోపల నీళ్ల పంపు రబ్బరు రెక్కలు కాలిపోతాయి. పది నిమిషాలు నడవనివ్వండి, కొత్త పెట్రోల్ కార్బురేటర్ దాకా, అంటే పెట్రోల్ గాలితో కలిసే చోటి దాకా, చేరాలి. ఇప్పుడు పైపు పీకేస్తున్నా. నడుస్తోంది, నడుస్తోంది... అదిగో, తడబడుతోంది. ఆగిపోయింది. టూ స్ట్రోక్ వాళ్లు ఈ తడబడే టైంలోనే ఫాగింగ్ ఆయిల్, అంటే ఇంజన్ లోపల తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే ఆయిల్, గాలి పీల్చే చోట కొట్టండి, ఎందుకంటే పెట్రోల్ అయిపోతే ఆయిల్ కూడా అయిపోయినట్టే.

చాలామంది ఇక్కడితో అయిపోయిందని కవర్ మూసేస్తారు. అయిపోలేదు. కార్బురేటర్ కింద గిన్నె ఉంది కదా, దాని అడుగున ఇంకా కొంచెం ఉంటుంది. ఇంజన్ పీల్చగలిగినంతే పీలుస్తుంది. ఆ మిగిలిందే ఎండి జిగురవుతుంది, పెట్రోల్ చిమ్మే జెట్‌కు ఉండే వెంట్రుకంత రంధ్రం మూసుకుపోతుంది. గిన్నెకు ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. ఎక్కడుందో వెతకడానికే నాకు మొదట్లో తలప్రాణం తోకకొచ్చింది. ఇదిగో, లైట్ ఇటు కొట్టు తమ్ముడూ, ఈ లివర్ వెనక. కనబడిందా?

దీని సంగతి మెల్లగా వినండి. ఇది ఇత్తడి స్క్రూ, మెత్తగా ఉంటుంది. గాడికి నిండా పట్టే స్క్రూడ్రైవరే వాడాలి. సన్నది పెట్టి తిప్పారంటే గాడి అరిగిపోతుంది, ఇక అది రాదు. కింద తెల్లగుడ్డ పరవండి. పూర్తిగా ఊడదీయొద్దు, రెండు చుట్లు వదులు చేస్తే చాలు. ఊడి కింద పడితే అయస్కాంతంతో వెతికినా దొరకదు, ఇత్తడి కదా. ఇదిగో కారుతోంది. చూశారా, ఇంజన్ ఆగిపోయాక కూడా ఇంత వచ్చింది. గుడ్డ మీద ఆకుపచ్చ నలక కనబడితే లోపల తినేస్తోందన్నట్టు, గిన్నె విప్పి శుభ్రం చేయించండి. కారడం ఆగాక మళ్లీ బిగించండి, బలం చూపించకండి. రెండు, మూడు కార్బురేటర్లు ఉన్న ఇంజన్ అయితే ఒక్కోదానికీ ఇదే పని.

ఫిల్టర్ మార్చేయండి, దాని ధర ఎంతని. పైపు ఇట్లా వంచి చూడండి, పగుళ్లు వస్తే కొత్తది. ఇథనాల్‌కు పాత రబ్బరు ఆగదు. ఇంజన్‌ను నిలబెట్టే పెట్టండి, పడుకోబెట్టొద్దు. ట్యాంక్ మూత, గాలి స్క్రూ రెండూ బిగించి నీడలో పెట్టండి.

డీజిల్ బోటు అయితే కథ వేరు. ట్యాంక్ నిండా నింపండి, ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదిలేయండి. డీజిల్‌లో నీళ్లు నిలిస్తే పాచిలాంటిది పెరిగి ఫిల్టర్ మూసేస్తుంది.

మళ్లీ నీళ్లు వచ్చాక తాజా పెట్రోల్ పోయండి, బల్బు నొక్కండి, తాడు లాగే ముందు ఆ డ్రెయిన్ స్క్రూ దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ముందు దాన్ని బిగించి, ఆ తర్వాతే తాడు లాగండి.