ఊరికి కరెంటు వచ్చాక ఏం మారింది? లెక్క కట్టే పద్ధతి

నమస్కారం. కరెంటు వచ్చింది, ఊరు బాగుపడింది అని ఎవరైనా అంటే మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ బాగులో కరెంటు వాటా ఎంత? ఈ వీడియోలో ఆ వాటాను విడదీసి చూడటం నేర్చుకుందాం. సర్వేలు చేసే విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, సచివాలయ ఉద్యోగులు ఎవరైనా చూడవచ్చు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

ముందుగా, ఊరికి కరెంటు ఉందనడానికి సర్కారు పెట్టుకున్న కొలత చూడండి. 2004 నాటి నిర్వచనం ప్రకారం ట్రాన్స్‌ఫార్మరు, లైన్లు ఉండాలి. బడి, పంచాయతీ కార్యాలయం, ఆరోగ్య కేంద్రం లాంటి చోట్లకు సరఫరా ఉండాలి. ఇళ్లలో కనీసం పది శాతానికి కనెక్షన్ ఉండాలి. అంటే వంద గడపల ఊళ్లో తొంభై గడపలు దీపపు బుడ్డి వెలిగించుకుంటున్నా ఆ ఊరికి కరెంటు వచ్చినట్టే లెక్క! 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని ఊళ్లన్నిటికీ కరెంటు చేరిందని ప్రకటించింది ఈ కొలతతోనే. మిగిలిన ఇళ్ల కోసం 2017 సెప్టెంబరులోనే సౌభాగ్య పథకం మొదలైంది. అందుకే మన పట్టికలో "కరెంటు ఉందా, లేదా" అన్న ఒక్క గడితో పని జరగదు.

[తెరపై ప్రశ్నావళి]

ఈ ప్రశ్నలు చూడండి. నిన్న సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు కరెంటు ఎంతసేపు ఉంది? గత వారంలో ఎన్నిసార్లు పోయింది? వోల్టేజి చాలక ఏ వస్తువైనా వాడలేకపోయారా, కాలిపోయిందా? బిల్లు ఎవరి పేరున వస్తోంది? ప్రపంచ బ్యాంకు 2015లో తెచ్చిన అంచెల కొలత కూడా ఇదే దారిలో నడుస్తుంది. అందులో సున్నా నుంచి ఐదు దాకా అంచెలుంటాయి. మూడో అంచెకు చేరాలంటే రోజుకు కనీసం 8 గంటలు, అందులో సాయంత్రం 3 గంటలు ఉండాలి. ఐదో అంచెకు 23 గంటలు కావాలి. గంటలతో పాటు వోల్టేజి, భద్రత, ఖర్చు కూడా చూస్తారు.

"నిన్న" అని ఎందుకు అడగాలంటే, "మామూలుగా ఎన్ని గంటలుంటుంది" అని అడిగితే వచ్చే జవాబులో కోపమో మొహమాటమో కలిసిపోతుంది. నిన్నటిది గుర్తుంటుంది. వీలైతే సబ్‌స్టేషన్‌కు వెళ్లి, మీ ఊరికి వచ్చే 11 కేవీ ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊరికి కరెంటు తెచ్చే లైను, ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చింది అన్న లాగ్‌బుక్ చూపించమని అడగండి. జనం చెప్పిన గంటలకూ పుస్తకంలోని గంటలకూ తేడా వస్తే ఎవరూ అబద్ధం చెప్పారని అనుకోనక్కర్లేదు. ఫీడరులో కరెంటు ఉండి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయి ఉండవచ్చు. ఆ తేడాను కూడా రాసుకోండి. నా మటుకు, సర్వేలో బయటపడే మంచి విషయాల్లో సగం అలాంటి చోటే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు లెక్క.

[తెరపై పట్టిక]

ఈ సంఖ్యలు లెక్క అర్థం కావడానికి నేను ఊహించి వేసినవి. లైను వేసిన ఊళ్లలో, ఇంటి బయట పనిచేసి సంపాదించే ఆడవాళ్లు అంతకు ముందు నూటికి 30 మంది, ఐదేళ్ల తర్వాత 42 మంది. పెరుగుదల 12. ఇది చూసి నివేదిక రాసేసే వాళ్లు చాలామంది ఉన్నారు. మనం రెండో వరుసకు వెళదాం. లైను రాని పక్క ఊళ్లలో అదే కాలంలో 28 నుంచి 37కు పెరిగింది. అంటే కరెంటు లేకుండానే 9 పెరిగింది. రోడ్డు పడి ఉండవచ్చు, ఉపాధి హామీ పనులు పెరిగి ఉండవచ్చు. పన్నెండులోంచి తొమ్మిది తీసేస్తే మూడు. కరెంటుకు మనం ఇవ్వగలిగింది ఆ మూడే.

అదీ ఒక షరతు మీద. కరెంటు రాకపోయి ఉంటే రెండు రకాల ఊళ్లూ ఒకే తీరున సాగేవని నమ్మగలగాలి. చిక్కంతా ఇక్కడే. లైను ముందు ఎక్కడికి వెళుతుంది? రోడ్డు పక్క ఊరికి, మాట చెల్లే సర్పంచి ఉన్న ఊరికి. అవి ఎలాగూ ముందుకు పోయే ఊళ్లే. దీన్ని దాటడానికి పరిశోధకులు పట్టుకున్న ఉపాయాలు చూస్తే ముచ్చటేస్తుంది.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటల్‌లో వర్ణవివక్ష పాలన ముగిసిన తర్వాత ఇళ్లకు పెద్ద ఎత్తున కరెంటు ఇచ్చారు. టారిన్ డింకెల్‌మన్ అనే ఆర్థికవేత్త నేల వాలు చూశారు. వాలు ఎక్కువైతే లైను వేసే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి చదునైన ప్రాంతాలకు ముందు అందింది. నేల వాలుకూ సర్పంచి పలుకుబడికీ సంబంధం లేదు కదా. 2011లో అచ్చయిన ఆ పరిశోధనలో ఆడవాళ్ల ఉపాధి ఐదేళ్లలో 9 శాతం పాయింట్లకు పైగా పెరిగినట్టు తేలింది. అక్కడ కరెంటు పొయ్యిల మీద వంట మొదలై, కట్టెల పని తగ్గింది. ఆ తొమ్మిదిని తెచ్చి మన ఊరికి అంటించకండి. మన దగ్గర కరెంటు వచ్చినంత మాత్రాన కట్టెల పొయ్యి ఆరిపోలేదు.

మన దేశంలో 2005లో మొదలైన రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ యోజనలో ఒక నిబంధన ఉండేది. మొదటి దశలో కనీసం 300 మంది ఉన్న ఆవాసాలకే పథకం వర్తిస్తుంది. 295 మంది ఉన్న ఊరికీ 305 మంది ఉన్న ఊరికీ మిగతా విషయాల్లో పెద్ద తేడా ఉండదు. ఫియోనా బర్లిగ్, లూయిస్ ప్రియోనస్ ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చారు. గీత దాటిన ఊళ్లలో రాత్రి వెలుగు పెరిగినట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది. కానీ అంత చిన్న ఊళ్లలో ఉద్యోగాలు, ఆదాయం, చదువు పెద్దగా కదలలేదు. పెద్ద ఊళ్లలో లాభం ఎక్కువని కూడా వాళ్లే చూపించారు. కెన్యాలో ఇంకా సూటిగా, ఏ పల్లెలకు రాయితీ కనెక్షన్లు ఇవ్వాలో చీటీలు తీసినట్టు ఎంపిక చేశారు. అక్కడా జీవితాల్లో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు.

దీన్ని బట్టి కరెంటు దండగ అనుకునేవాళ్లు తొందరపడుతున్నారు. కరెంటుతో చేయడానికి పని ఉందా అన్నది చూడాలి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడినప్పుడు దేశంలో ప్రయోగంగా ఎంచుకున్న సహకార సంఘాల్లో మన సిరిసిల్ల ఒకటి. నేతపని తెలిసిన చేతులు, మరమగ్గాలు, సరుకు కొనే వ్యాపారులు ఉన్న చోట కరెంటు చేసే పని వేరు. మూడు వందల మంది ఉండి, రోడ్డు కూడా లేని గూడెంలో అది చేసే పని వేరు. కాబట్టి పట్టికలో ఇంకో గడి గీయండి: ఊళ్లో కరెంటుతో నడిచే పనులు. పిండిమర, వెల్డింగు షాపు, మోటారు కుట్టుమిషను, ఫ్రిజ్ ఉన్న కిరాణా కొట్టు, పాల శీతలీకరణ కేంద్రం. ఏవి కొత్తగా వచ్చాయి, ఏవి మూతపడ్డాయి, ఎవరివి.

ఉపగ్రహ చిత్రాల గురించి ఒక మాట. రాత్రి వెలుగును కొలవడానికి ఇప్పుడు చాలామంది వాడే, ఉపగ్రహంలో ఉండే విఐఐఆర్‌ఎస్ పరికరం మన మీదుగా వెళ్లేది రాత్రి సుమారు ఒంటిగంటన్నరకు. ఆ వేళకు ఇళ్లలో లైట్లు ఆర్పేసి ఉంటారు. అది ఎక్కువగా పట్టేది వీధి దీపాలనే. ఊరి ఆదాయాన్ని దానితో కొలిచామని ఎవరైనా అంటే కాస్త అనుమానించండి.

మన రాష్ట్రాల్లో ఈ పని చేయాలంటే ఎలా? కరెంటు లేని ఊరిని పోలికకు వెతకడం వృథా, దాదాపు అన్నిటికీ ఉంది. సరఫరా మారిన సందర్భాలు పట్టుకోవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇచ్చారు. రాష్ట్రమంతా ఒకేసారి మారితే లోపల పోల్చడానికి ఊరు మిగలదు. అప్పుడు సరిహద్దు అక్కరకొస్తుంది. మధిర వైపు ఊళ్లనూ, అవతల అప్పటి కృష్ణా జిల్లా ఊళ్లనూ తీసుకోండి. నేల, పంటలు, మాట తీరు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇక రైతు ఆదాయం పోల్చేద్దాం అనిపిస్తుంది.

ఆగండి. అదే ఏడాది మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైంది. అప్పట్లో ఎకరాకు పంటకు నాలుగు వేల రూపాయలు. ఇప్పుడు ఆదాయం పెరిగినా అది కరెంటు వల్లనా, రైతుబంధు వల్లనా అన్నది విడదీయలేం. ఇలాంటప్పుడు తీగకు దగ్గరగా ఉన్న విషయాలు కొలవండి. మోటారు వేయడానికి రాత్రి పొలానికి ఎన్నిసార్లు వెళ్లారు, ఏడాదిలో ఎన్ని మోటార్లు కాలాయి, రివైండింగుకు ఎంత ఖర్చయింది, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టరు ఉందా తీసేశారా, బోరులో నీళ్లు ఎన్ని అడుగులకు పోయాయి. రైతుబంధు డబ్బుతో మోటారు కాలడం ఆగదు కదా. బోరు లోతును మాత్రం వదలకండి, లాభం పక్కనే నష్టం కూడా కనపడాలి.

చివరగా ఒక జాగ్రత్త. ఇంటి పెద్దను ఒక్కరినే అడిగి రాకండి. మోటారు సంగతి ఆయన చెబుతారు, మిక్సీ ఎప్పుడు కాలిందో ఆమె చెబుతారు. ఈ ప్రశ్నావళి, పట్టిక రెండూ కింద వివరణలో పెట్టాను. దించుకుని, ముందు మీ వీధిలో ఓ పది ఇళ్లకు తిరిగి చూడండి. జనానికి అర్థం కాని ప్రశ్న ఏదో అక్కడే తెలిసిపోతుంది.