వెనక సీటు కోసం కొనే కారు

శ్రోతలకు నమస్కారం.

ఖరీదైన సెడాన్ కొనాలనుకునేవారు సాధారణంగా రెండు లెక్కలు వేస్తారు. షోరూములో చెప్పిన ధర ఒకటి, బ్యాంకువారు చెప్పిన నెలసరి వాయిదా రెండోది. ఈ రెండూ జేబుకు సరిపోతే కారు ఇంటికొచ్చినట్టే అనుకుంటారు. నన్నడిగితే అంతకుముందే అడగవలసిన ప్రశ్నలున్నాయి. ఆ కారులో మీరు ఏ సీట్లో కూర్చుంటారు? ఏ రోడ్ల మీద తిరుగుతారు? దాన్ని ఎంత వయసు వరకు ఉంచుకుంటారు? నలభై యాభై లక్షల కారు సుఖమా, కష్టమా అన్నది చాలావరకు ఈ జవాబుల్లోనే తేలిపోతుంది.

ముందు ఇంజను, మధ్యలో మనుషులు, వెనక విడిగా డిక్కీ ఉన్న కారునే సెడాన్ అంటున్నాం. ఒకప్పుడు మన దేశంలో కారంటేనే అది. అంబాసిడర్ సెడానే, ప్రీమియర్ పద్మిని సెడానే. 1984లో వచ్చిన కాంటెస్సా పెద్దింటి కారు అనిపించుకుంది. మన సినిమాల్లో విలన్ చాలాకాలం పాటు అందులోంచే దిగాడు. 1995లో పుణెలో మెర్సిడెస్ ఇ క్లాస్ తయారీ మొదలైంది. కొత్త శతాబ్దంలో హోండా అకార్డ్, టయోటా క్యామ్రీ, స్కోడా సూపర్బ్ వరసగా వచ్చాయి. పేరున్న డాక్టర్లు, కాంట్రాక్టర్లు, మిల్లుల యజమానులు వాటిలో తిరిగారు. ఇప్పుడు ఆ వరస పలచబడింది. కరోలా, సివిక్, అకార్డ్, పసాట్ 2020 ప్రాంతంలో మన మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. సూపర్బ్, ఆక్టేవియా 2023లో ఆగాయి. సూపర్బ్ మరుసటి ఏడాది తిరిగి వచ్చింది గాని, దిగుమతి చేసి తెచ్చినవి వంద కార్లే. జనం ఎత్తైన ఎస్‌యూవీల వైపు మళ్లారు. వారి మీద నాకు ఫిర్యాదు లేదు, కారణాలు వింటే మీకూ ఉండదు.

ముందు సుఖం సంగతి. ఖరీదైన సెడాన్‌లో మంచి సీటు వెనకది. ఇంజను ముందు గదిలో, సామాను వెనక గదిలో ఉండటం వల్ల మనుషులు కూర్చునే చోటు నిశ్శబ్దంగా ఉంటుంది. అత్తగారు కట్టిచ్చిన ఆవకాయ జాడీ ఘాటు హైదరాబాదు చేరేదాకా డిక్కీలోనే ఉండిపోతుంది, ఇది చిన్న ఉపకారం కాదు. కారు నేలకు దగ్గరగా ఉండటం వల్ల మలుపుల్లో ఒరగదు. లేన్ మారేటప్పుడు వెనక కూర్చున్నవారి కడుపులో తిప్పదు. కారులో వాంతులయ్యే పిల్లలున్న ఇళ్లవారు ఈ తేడా వెంటనే పట్టేస్తారు. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు మధ్య దూరం ఎంత ఎక్కువైతే ఊగిసలాట అంత తగ్గుతుంది, మోకాళ్ల ముందు అంత చోటు మిగులుతుంది. అందుకే మన దేశంలో అమ్మే ఇ క్లాస్‌లో ఆ దూరాన్ని 3,094 మిల్లీమీటర్లకు, బీఎండబ్ల్యూ 5 సిరీస్‌లో 3,105 మిల్లీమీటర్లకు పొడిగించారు. ఈ కార్ల కొనుగోలుదారు స్టీరింగ్ దగ్గర కాక వెనక కూర్చుంటాడని తయారీదారులకు బాగా తెలుసు. హైదరాబాదు నుంచి విజయవాడకు 270 కిలోమీటర్ల పైచిలుకు దూరం. వారానికోసారి వెళ్లి రావలసిన మనిషి అందులో కూర్చుని కాగితాలు చదువుకోగలడు, కాస్త కునుకు తీయగలడు, దిగగానే పనిలో పడగలడు. వృత్తిరీత్యా ఇలా తిరిగేవారికి ఆ డబ్బు దండగ అని నేను అనను.

వెనక సీటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ముంబయి దగ్గర పాల్‌ఘర్‌లో కారు ప్రమాదంలో చనిపోయారు. అది సెడాన్ కాదు, అయినా ఖరీదైన కారే. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. లక్షలు పోసి కొన్న ఎయిర్‌బ్యాగులు బెల్టు పెట్టుకున్న మనిషి కోసం తయారైనవి. వెనక కూర్చునే యజమానులే ఆ బెల్టును సీటు సందులోకి తోసేస్తుంటారు.

ఇక రోడ్డు సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సెడాన్ యజమాని బతుకు సగం స్పీడ్ బ్రేకర్ల మీదే గడుస్తుంది.

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో, మన రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. వెడల్పు 3.7 మీటర్లు, నడిమి ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధంతో మెల్లగా లేచి మెల్లగా దిగే గుండ్రటి దిబ్బ. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటాలని దాని ఉద్దేశం. చక్రాల మధ్య 3.1 మీటర్లున్న పొడుగు కారు సరిగ్గా దిబ్బ నడిమికి వచ్చినప్పుడు, చక్రాలు ఆనిన చోటికన్నా పొట్ట కింద నేల సుమారు 7 సెంటీమీటర్లు మాత్రమే పైకి ఉంటుంది. ఏ సెడానూ తగలదు. అంటే తప్పు కారుది కాదు. ఇప్పుడు మీ వీధి చివర ఉన్నదాన్ని గుర్తుచేసుకోండి. కాలనీవారు చందాలు వేసుకుని, మిగిలిపోయిన సిమెంటుతో రాత్రికి రాత్రి కట్టినది. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. దాని మీద ముందు చక్రాలు దిగిపోతాయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కవు, మధ్యలో పొట్ట గీసుకుంటుంది. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను నింపితే కారు ఇంకా కిందికి కూర్చుంటుంది. అందుకే డ్రైవర్లు ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ విడిగా ఎక్కించి దింపుతారు. వెనక వచ్చే ఆటో హారన్ కొడుతూనే ఉంటుంది. ఊళ్లో సొంత ఇంటి ముందు ర్యాంపు నిటారుగా కట్టించుకున్న వారికి ఈ ప్రయోగం రోజూ ఉంటుంది.

పార్కింగుదీ ఇదే కథ. మన దగ్గర ఒక కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు చోటు ఇవ్వడం మామూలు. ఇప్పటి ఇ క్లాస్ పొడవే 5,092 మిల్లీమీటర్లు. అపార్టుమెంటు సెల్లారులో రెండు స్తంభాల మధ్య మీకు రాసిచ్చిన గడిలో దాన్ని పెడితే ముక్కో తోకో బయట ఉంటుంది. ఎదురు ఫ్లాటువారితో పరిచయం అక్కడ మొదలవుతుంది, స్నేహంగా మాత్రం కాదు.

నీళ్లు వచ్చినప్పుడు సెల్లారు మరీ ప్రమాదం. 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. ఎత్తు తక్కువ కారులోకి నీరు ముందే చేరుతుంది. ఖరీదైన కారులో సీట్ల కిందా, తివాచీ కిందా వైర్లు, కంప్యూటర్లు ఉంటాయి. ఇలా మునిగిన కారు విషయంలో ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. నీరు తీశాక ‘ఒకసారి చూద్దాం’ అని స్టార్ట్ చేయకండి. నీరు సిలిండర్లలోకి వెళ్లి ఉంటే ఇంజను లోపలి రాడ్లు వంగిపోతాయి. నిలిపి ఉన్న కారు వరదలో మునిగితే సమగ్ర పాలసీ నష్టం చెల్లిస్తుంది, స్టార్ట్ చేయడం వల్ల ఇంజను పాడైతే మామూలుగా చెల్లించదు. దానికి ఇంజను రక్షణ అనే అదనపు కవరు విడిగా తీసుకుని ఉండాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అసలు ఏమీ రాదు.

డబ్బు విషయానికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు పెద్ద ఇంజను సెడాన్‌కు పన్ను, సెస్సు కలిపి 48 శాతం, ఎస్‌యూవీకి 50 శాతం ఉండేది. ఆ రెండు శాతం తేడా ఇప్పుడు లేదు. పన్ను లేకుండా 30 లక్షలుండే కారు పన్నుతో 42 లక్షలవుతుంది. దాని మీద రాష్ట్రానికి కట్టే జీవితకాల పన్ను ఉంటుంది, కారు ధర పెరిగేకొద్దీ దాని శాతమూ పెరుగుతుంది. ఆపైన బీమా. పది లక్షలు దాటిన కారు కాబట్టి డీలరు ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను, కూడా వసూలు చేస్తాడు. ఇది పోయే డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. చాలామంది మరిచిపోతారు, అందుకే చెబుతున్నాను. విద్యుత్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే కావడంతో ఖరీదైన విద్యుత్ సెడాన్ల లెక్క వేరుగా ఉంటుంది.

కొన్నాక విలువ ఎలా కరుగుతుందో బీమా పట్టికలోనే కనిపిస్తుంది. ఆరు నెలలు దాటితే 15 శాతం తరుగు, ఏడాది దాటితే 20, రెండేళ్లకు 30, మూడేళ్లకు 40, నాలుగేళ్లు దాటాక 50. బయటి మార్కెట్లో జర్మనీ కార్లు ఇంతకన్నా వేగంగా పడిపోతాయి. కొత్త కారు కొన్నవారికి ఇది నష్టం. రెండో చేతి కారు చూసేవారికి ఇదే ఆకర్షణ. అసలు ప్రమాదం నాకు ఇక్కడ కనిపిస్తుంది.

60 లక్షల కారు ఏడెనిమిదేళ్లకు ఒక మామూలు కొత్త ఎస్‌యూవీ ధరకు దొరకడం వింత కాదు. తోలు సీట్లు మెరుస్తుంటాయి, తలుపు వేస్తే ఆ గంభీరమైన చప్పుడు అలాగే ఉంటుంది. కారు ధర తగ్గింది గాని దాని హెడ్‌లైటు ధర తగ్గలేదు. ఎల్‌ఈడీ హెడ్‌లైటు ఒక్కటి మారిస్తే లక్ష దాటే కార్లు ఇవి. గాలి సంచుల మీద తేలే సస్పెన్షన్ ఉన్న కారులో ఆ సంచులు రబ్బరువి, ఏళ్లు గడిస్తే పగులుతాయి. గేర్‌బాక్సు మరమ్మతు బిల్లు ఒక చిన్న కారు ధరలో సగముంటుంది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ఖర్చులో మామూలు పాలసీ సగమే ఇస్తుంది. ఆ కోత లేకుండా చేసే జీరో డిప్రిసియేషన్ కవరును పాత కార్లకు ఇవ్వడానికి చాలా బీమా సంస్థలు వెనకాడతాయి. అంటే రక్షణ తప్పుకునే వయసులో కారు మీ చేతికి వస్తోంది. ధర చూసి కొన్నవారు సర్వీసు ఖర్చు చూసి మళ్లీ అమ్మకానికి పెడతారు. అలా రెండేళ్లకో యజమాని మారిన కార్లు బజారులో ఎన్నో. అరవై లక్షల కారును నడిపే ఖర్చు దాన్ని ఎంతకు కొన్నా అరవై లక్షల కారుదే.

మీ ఊరు కూడా ముఖ్యం. ఈ కార్ల సర్వీసు కేంద్రాలు పెద్ద నగరాల్లోనే ఉంటాయి. ఆదిలాబాదులో ఉన్నవారు కారును లారీ మీద ఎక్కించి హైదరాబాదు పంపాలంటే 300 కిలోమీటర్లు. కొన్ని మోడళ్లకు స్టెప్నీ ఉండదు, బదులుగా రన్‌ఫ్లాట్ టైర్లు ఇస్తారు. గాలి పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా దాదాపు 80 కిలోమీటర్లు వెళ్లవచ్చు. నగరంలో అది వరమే. అర్ధరాత్రి నల్లమల దారిలో టైరు పక్కగోడ చీలితే మాత్రం పంక్చరు వేసే కుర్రవాడి దగ్గర దానికి మందు లేదు. 2020 తరవాతి డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద వేగంగా, ఆగకుండా నడవాలి. ఇల్లు, క్లినిక్కు, గుడి మధ్యే తిరిగే డాక్టరుగారి డీజిల్ కారులో ఆ ఫిల్టరు మూసుకుపోతుంది. అలాంటివారు పెట్రోలు తీసుకోవడమే మేలు, ఇంజనుతో పాటు విద్యుత్ మోటారూ ఉండే హైబ్రిడ్ అయితే ఇంకా మేలు. 2024 డిసెంబరులో 48 లక్షల ధరతో వచ్చిన క్యామ్రీ హైబ్రిడ్‌కు కంపెనీ ప్రకటించిన మైలేజీ లీటరుకు 25.49 కిలోమీటర్లు. వాడకంలో అంత రాకపోయినా, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో మోటారే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి నగరంలో తేడా బాగా తెలుస్తుంది. ఈ తరగతిలో నా ఓటు దానికే. హోదా చాలదనేవారు ఎలాగూ నా మాట వినరు.

హోదాకూ ఖర్చుంది. మీ ఇంటి ముందు నల్లటి పెద్ద సెడాన్ ఉందంటే చుట్టుపక్కల ప్రతి పెళ్లికొడుకూ దానిలోనే ఊరేగాలి. అడిగేది మేనమామ అయితే కాదనలేరు. బంతిపూల దండల్ని బానెట్‌కు ప్లాస్టరు టేపుతో అతికిస్తారు, ఎండలో ఆ టేపు జిగురు రంగును పట్టుకుంటుంది. మర్నాడు మీరు పాలిష్ చేయించుకుంటారు, ఆల్బమ్ మాత్రం వారిది.

కొనాలని నిశ్చయించుకున్నవారు టెస్ట్ డ్రైవ్ షోరూము చుట్టూ చేయకండి. కారును మీ వీధికి తెప్పించండి. వెనక సీట్లో మోకాళ్ల నొప్పులున్న అమ్మనో నాన్ననో కూర్చోబెట్టండి. సెడాన్ సీటు కిందికి ఉంటుంది, దిగేటప్పుడు వారు తలుపు పట్టుకుని ఎంత కష్టపడి లేస్తారో చూడండి. నలుగురూ ఎక్కాక మీ కాలనీ స్పీడ్ బ్రేకర్ దాటించండి, మీ సెల్లారులో పెట్టి తలుపులు తెరుచుకుంటాయో లేదో చూడండి. పాత కారయితే అమ్మేవారి దగ్గర సర్వీసు బిల్లులు, పాత బీమా పాలసీలు, వాటి మీద తీసుకున్న క్లెయిముల వివరాలు అడగండి. సీట్ల పట్టాలు తుప్పు పట్టాయా, తివాచీ కింద బురద వాసన ఉందా చూడండి. కాగితాలు చూపించడానికి తటపటాయిస్తే అడ్వాన్సు ఇవ్వకండి.

నమస్కారం.