ఎవరు మంచి ఆటగాడు, ఎవరు ముందుగా ఎంపికవుతాడు: ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ముచ్చట్లు

తమ్ముడు: నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ గురించి తెలుగులో మాట్లాడుకునే మా పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. అక్కా, ఈసారి సూటిగా అడిగేస్తాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గరపడుతుంటే ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో చెప్పే మాక్ డ్రాఫ్టులు కుప్పలుతెప్పలుగా వస్తాయి. అవి అంతగా ఎందుకు తప్పుతాయి?

అక్క: రెండు వేర్వేరు పనులను ఒకే జాబితాలో కలిపేస్తారు కాబట్టి. ఈ కుర్రాడు బాగా ఆడతాడా అన్నది ఒక ప్రశ్న. ఇతణ్ని ఫలానా జట్టు ఫలానా పిక్‌తో, అంటే ఫలానా వంతులో, తీసుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఆట చూడాలి. రెండోదానికి యజమాని, జనరల్ మేనేజర్, కోచ్ ఏమనుకుంటున్నారో పసిగట్టాలి. ఆ మాట వాళ్లు బయటకు పొక్కనివ్వరు.

తమ్ముడు: కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక్క మాట. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు, పాట పెంచడం ఉండదు. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుది మొదటి అవకాశం, సూపర్ బౌల్ అనే ఫైనల్ గెలిచినవాళ్లది రౌండులో చివరిది. కాకపోతే తమ పిక్‌ను ఇంకో జట్టుకు ఇచ్చి, బదులుగా వేరే పిక్‌లు తీసుకోవచ్చు.

అక్క: ఆ ఇచ్చిపుచ్చుకోవడాలే అంచనాలను తారుమారు చేస్తాయి. 2025లో అయిదో పిక్ చేతిలో ఉన్న జాక్సన్‌విల్ రెండో స్థానానికి ఎగబాకి ట్రావిస్ హంటర్‌ను తీసుకుంది. అందుకోసం క్లీవ్‌లాండ్‌కు 2026 మొదటి రౌండు పిక్‌ను కూడా ఇచ్చేసింది. ఒక్క బేరంతో కింద ఉన్న వరుసంతా కదిలిపోయింది.

తమ్ముడు: అదే డ్రాఫ్టులో షెడూర్ శాండర్స్ అనే క్వార్టర్‌బ్యాక్ సంగతి మరీ విడ్డూరం. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసురుతూ దాడిని నడిపించేవాడు. చాలా జాబితాలు అతణ్ని మొదటి రౌండులో పెట్టాయి. చివరికి అయిదో రౌండులో, 144వ పిక్ దాకా పేరు వినపడలేదు. తీసుకున్న క్లీవ్‌లాండ్ కూడా అంతకుముందే మూడో రౌండులో డిలన్ గేబ్రియల్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది.

అక్క: నాకు ఆ మూడు రోజులూ మనసు చివుక్కుమంది. క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఒక చిక్కుంది. మైదానంలో ఆ స్థానం ఒక్కరికే. ఇతనే మా నాయకుడు అనుకున్న జట్టు త్వరగా తీసుకుంటుంది. అలా అనుకోని జట్టుకు అతను రెండో మనిషి మాత్రమే, రెండో మనిషి కోసం ఎవరూ ముందు రౌండ్ల పిక్ ఖర్చు చేయరు. అందుకే జారడం మొదలైతే ఎక్కడా ఆగదు.

తమ్ముడు: సరే, ఆటగాణ్ని అంచనా వేయడం గురించి చెప్పు. డ్రాఫ్టుకు ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల్లో గడియారం పట్టుకుని 40 గజాలు పరిగెత్తిస్తారు, చేతులు కూడా కొలుస్తారు. నువ్వు వాటిని నమ్మవు.

అక్క: నమ్మనని కాదు, వాటి హద్దు వాటికుంది. 2024లో జేవియర్ వర్తీ 4.21 సెకన్లలో పరిగెత్తి రికార్డు సృష్టించాడు. పాస్ అందుకునే రిసీవర్‌కు ఆ వేగం పనికొస్తుంది. మేటి క్వార్టర్‌బ్యాక్‌గా పేరొందిన టామ్ బ్రేడీ 2000లో 5.28 సెకన్లు తీసుకున్నాడు, 199వ పిక్‌గా వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ పరుగును కొలిచి ఏం తెలుసుకున్నట్టు? 2022లో కెనీ పికెట్ చేయి బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఎనిమిదిన్నర అంగుళాలే ఉందని నానా చర్చ జరిగింది. అయినా ఆ ఏడాది మొదటి రౌండులో వెళ్లిన ఒకే ఒక్క క్వార్టర్‌బ్యాక్ అతనే.

తమ్ముడు: మరి నువ్వేం చూస్తావు?

అక్క: ఆట వీడియో. ఉదాహరణకు టాకిల్‌ను, అంటే క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసేవాణ్ని, చూసేటప్పుడు నేను బంతి వైపు చూడను. అంచు నుంచి ఎదుటివాడు దూసుకొస్తుంటే ఇతని వెనకడుగు ఎలా పడుతోందో చూస్తాను. మోకాళ్లు వంగుతున్నాయా, నడుము వంగుతోందా? నడుము వంగితే బరువంతా ముందుకు తూలుతుంది, ఎదుటివాడు చేయి పట్టి లాగితే చాలు. అదే ఆటను నాలుగో క్వార్టర్‌లో మళ్లీ చూస్తాను. అలసట వచ్చాక కూడా ఆ మోకాళ్లు అలాగే వంగుతుంటే పేరు పక్కన గుర్తు పెట్టుకుంటాను.

తమ్ముడు: వీడియో చూసినా తప్పుతారు కదా అక్కా. 2018లో క్వార్టర్‌బ్యాక్‌లలో జాష్ రోజెన్ పాస్‌లు ముచ్చటగా ఉన్నాయన్నారు. జాష్ అలెన్ కాలేజీలో దాదాపు 56 శాతం పాస్‌లే పూర్తి చేశాడు, గురి లేదన్నారు. రోజెన్‌ను ఆరిజోనా ఏడాదికే వదిలించుకుంది. అలెన్ 2024 సీజన్‌కు ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. అదే డ్రాఫ్టులో 32వ పిక్‌గా బాల్టిమోర్‌కు వెళ్లిన క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ రెండుసార్లు అయ్యాడు.

అక్క: అందుకే ఆటగాడితో పాటు అతను చేరిన చోటును కూడా చూడమంటాను. బఫలో అలెన్‌కు సమయమిచ్చింది, చుట్టూ జట్టును కట్టింది. బాల్టిమోర్ అయితే లమార్‌కు తగ్గట్టు దాడి పద్ధతినే మార్చేసింది. ఆరిజోనాలో ఏడాది తిరగకుండానే కోచ్ మారాడు, రోజెన్ మిగల్లేదు.

తమ్ముడు: అయితే నచ్చినవాడి కోసం పైకి ఎగబాకడం మంచిదేనా?

అక్క: చాలాసార్లు కాదు. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ల తరబడి డ్రాఫ్టులను పరిశీలించారు. ఒకే స్థానంలో ఆడేవాళ్లలో ముందు ఎంపికైనవాడు, వెంటనే తరవాత ఎంపికైనవాడి కన్నా మెరుగ్గా ఆడే అవకాశం సగానికి కాస్త పైన, అంతే. దానికోసం రెండు మూడు పిక్‌లు ధారపోయడం నాకు మింగుడుపడదు. 2017లో షికాగో మూడు నుంచి రెండుకు, ఒక్క మెట్టు ఎక్కడానికి అదనంగా మరో మూడు పిక్‌లు ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ మిచ్ ట్రుబిస్కీని తీసుకుంది.

తమ్ముడు: అదే రోజు కాన్సాస్ సిటీ 27 నుంచి 10కి ఎక్కి తరవాత మేటి క్వార్టర్‌బ్యాక్ అయిన పాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుందిగా! నీ లెక్క ప్రకారం అదీ తప్పేనా?

అక్క: బాగా అడిగావు. క్వార్టర్‌బ్యాక్ కోసమైతే, అదీ కుదిరే చోటుంటే, ఎక్కమంటాను. అక్కడ కోచ్‌గా ఆండీ రీడ్ ఉన్నాడు. అనుభవమున్న క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ ఉన్నాడు కాబట్టి మహోమ్స్ మొదటి ఏడాది ఒక్క మ్యాచ్‌లోనే మొదటినుంచి ఆడాడు, మిగతా కాలం నేర్చుకున్నాడు. అడ్డుకునే గార్డు కోసమో బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ కోసమో అంత ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

తమ్ముడు: మన శ్రోతలు తమ స్నేహితులతో కలిసి మాక్ డ్రాఫ్ట్ వేసుకుంటే ఎక్కడ మొదలుపెట్టమంటావు?

అక్క: జట్టులో ఎవరి ఒప్పందం ముగుస్తోంది, ఎవరికి వయసు పైబడుతోంది అన్న దగ్గర. 2024 మార్చిలో అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం చేసుకుంది. ఇక క్వార్టర్‌బ్యాక్ అవసరం లేదని అందరూ ఆ గడిని కొట్టేశారు. ఏప్రిల్‌లో ఎనిమిదో పిక్‌తో మైకెల్ పెనిక్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. కజిన్స్‌కు అప్పటికే 35 ఏళ్లు, కిందటి అక్టోబరులో మడమ పైనున్న అకిలిస్ స్నాయువు తెగింది. ఒప్పందం అంకెతో పాటు ఆ రెండూ చూసినవాళ్లు పెన్సిల్‌తోనైనా అక్కడ ఒక క్వార్టర్‌బ్యాక్ పేరు రాసుకుని ఉండాల్సింది.